నావ ముక్కు మీద కొబ్బరికాయ

మన ఉమామహేష్‌ని పోయినవారం సంద్రపురి గేటు బయట, జేజేలు కొడుతున్న జనం మధ్య వదిలేసి వచ్చాం. భీమిలి రోడ్డు మీద సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ వినోదాల పార్కంటే మనవాడికి పిచ్చి. 'సంద్రపురి ప్రాణం' అని ఒక వాట్సాప్ గ్రూపు, అదే పేరుతో ఒక యూట్యూబ్ ఛానలు పెట్టాడు. లోపల గోడకి రంగు మారినా, బల్ల ఇటుది అటు జరిగినా అభిప్రాయం చెప్పందే ముద్ద దిగదు మహానుభావుడికి. పగలు పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో గుమస్తా ఉద్యోగం. సాయంత్రమైతే సంద్రపురికి ఎవరూ నియమించని డైరెక్టరు.

అలాంటి పార్కులో, దాన్ని స్థాపించిన పెద్దాయన శ్రీరామ్మూర్తి గారు దగ్గరుండి కట్టించిన ఊగే నావని కొత్త డైరెక్టరు కామేశ్వరి ఉన్నట్టుండి ఆపేసింది. ఎందుకమ్మా అంటే 'నిర్వహణ కారణాలు' అని రెండు మాటల బోర్డు. ఇంక ఊరుకుంటాడా? వీడియోల మీద వీడియోలు వదిలాడు. ఊరంతా కదిలింది. ఇవాళ సాయంత్రం పార్కు యజమానుల సమావేశం. కామేశ్వరి ఉద్యోగం ఉండేదీ ఊడేదీ అక్కడే తేలిపోతుంది. సరిగ్గా అప్పుడు లోపల్నుంచి కబురొచ్చింది, ఉమామహేష్ గారు ఒక్కరూ వస్తే మాట్లాడదామని.

"దిగొచ్చీసింది అన్నా!" అని ఎగిరి గంతేశాడు గణేష్. వీడియోలు తీసేది అతనే. "రాజీనామా కాయితం సేత్తో పట్టుకునే బైటికి రావాల నువ్వు!"

"ఉండండ్రా. ఒప్పించీసే వత్తాను," అని కాలరు సర్దుకుని లోపలికి నడిచాడు మనవాడు. గేటుకి కట్టిన కామేశ్వరి ఫొటోనీ, దాని మెడలో వేలాడుతున్న చెప్పుల దండనీ దాటుకునే వెళ్ళాడు. ఆ దండ ఎవరు వేశారో అతనికి తెలియదు. దాని ఫొటో గ్రూపులో పెట్టి, పక్కన పగలబడి నవ్వే బొమ్మలు పెట్టింది మాత్రం అతనే.

జేబులో ఫోనుకి రికార్డింగు నొక్కి మరీ వెళ్ళాడు. ఏసీ గదిలో గాజుబల్ల వెనకాల కూర్చుని ఉంటుంది, ఇలా అడగాలి, అలా నిలదీయాలి అని దారంతా నెమరేసుకున్నాడు. 'ఏసీ గది అమ్మగారు' అన్న బిరుదు ఆవిడకి తగిలించింది తనే కదా. తీరా చూస్తే సెక్యూరిటీ అతను ఆఫీసు దాటించి, పార్కు వెనక రేకుల షెడ్డులోకి తీసుకెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం ఎండకి రేకులు మండిపోతున్నాయి. లోపల ఒక ఇనప స్టూలు మీద, చీర కొంగు నడుముకి దోపుకుని, కాళ్ళకి కాన్వాసు బూట్లతో కూర్చుని ఉంది కామేశ్వరి. యాభై దాటిన మనిషి. మొహమంతా చెమట.

"రండి ఉమామహేష్ గారూ. పాపం ఎండలో నడిపించేశాను. మజ్జిగ తీసుకోండి," అని పక్కనున్న గ్లాసు అందించింది.

"మజ్జిగ కోసం రాలేదు మేడమ్," అన్నాడు ఉమామహేష్ ఛానలు గొంతుతో. "నేను మాట్లాడేది నా ఒక్కడి మాట కాదు. వేలమంది అభిమానుల మాట. శ్రీరామ్మూర్తి గారి లైట్‌హౌసు నీలం రంగులో ఉండేది. మీరొచ్చి తెల్లగా మార్చేశారు. క్యూలైను మీద ఉన్న పాత రేకుల పందిరి పీకేసి గుడ్డల గొడుగులు వేశారు. ఉల్లి బజ్జీల బండి తీసేసి పిజ్జాలు పెట్టారు. ఒక్కోటీ పెద్దాయన ఆనవాళ్ళు చెరిపేస్తున్నారు. ఇప్పుడు నావ. అసలు మీకు ఈ పార్కంటే ఇష్టం ఉందా?"

ఆవిడ అడ్డు రాలేదు. అతను ఆగాక, కొంచెం ఆలోచించి చెప్పింది.

"బజ్జీల బండి విషయం ఒప్పుకుంటానండీ. తప్పే చేశాను. పిల్లలు పిజ్జా అంటారు గానీ, పెద్దవాళ్ళు మొహాలు వేలాడేసుకుని వెళ్తున్నారు. వచ్చే నెల మళ్ళీ పెట్టిస్తున్నాను. పందిరి రేకులు తుప్పు పట్టాయి, ఈ ఉప్పుగాలికి ఏదీ నిలవదు కదా. లైట్‌హౌసు మాత్రం పెద్దాయన మొదట్నుంచీ తెల్లగానే ఉండాలన్నారు. అప్పట్లో ఫిషింగ్ హార్బర్లో బోట్లకి వేయగా మిగిలిన నీలం రంగు దొరికితే అది వేసేశారు. 'ఎప్పటికైనా తెలుపు వేయించమ్మా' అని ఆయన దగ్గర పనిచేసిన రోజుల్లో నాతో ఎన్నిసార్లన్నారో."

ఉమామహేష్ గతుక్కుమన్నాడు. ఆ నీలం మీద అతను ఒక వీడియో మొత్తం చేశాడు. పెద్దాయన సముద్రాన్నీ ఆకాశాన్నీ ఒక్క రంగులో ఎలా కలిపాడో, దాన్లో ఎంత లోతుందో కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాడు. ఇప్పుడది తలుచుకుంటే చెవులు వేడెక్కాయి. అయినా తగ్గితే ఎలా?

"అవన్నీ సరే మేడమ్. నావ సంగతి చెప్పండి. ఎందుకు ఆపారు?"

"చెప్పడం కాదు, చూపిద్దామనే పిలిచాను. ఆ ఫోను బయటికి తీసే రికార్డు చేసుకోండి, ఫర్వాలేదు. జేబులో ఉంటే సరిగ్గా వినపడదు."

సిగ్గుతో మొహం కందగడ్డయింది మనవాడికి. ఫోను తీసి రికార్డింగు ఆపేశాడు.

షెడ్డు మూల టార్పాలిన్ కప్పి ఉన్నదాన్ని ఆవిడే స్వయంగా లాగింది. నావ ముక్కు. ఊగే నావలో ముందుభాగాన్ని కోసి కిందికి దించారు. దాని కొసన ఉండే పెద్ద చేప తల బొమ్మ విప్పి పక్కన పెట్టారు. ఆ తల కిందనుంచి చూస్తే ముద్దొచ్చేది గానీ, దగ్గర చూస్తే ఇద్దరు మనుషులు పట్టినా కదిలేలా లేదు. నావ పైకి ఊగినప్పుడల్లా ఆ తల క్యూలైను మీదికి వచ్చి వెనక్కి వెళ్ళేది. దాని కిందే పిల్లలు చేతులెత్తి కేకలు పెట్టేవాళ్ళు. అభిమానులకి అదే పెద్ద సరదా.

"ఈ తలని పట్టుకున్న బోల్టులు ఇక్కడ ఉండేవి. ఒకసారి వంగి చూడండి," అంది కామేశ్వరి.

వంగి చూశాడు. ఫైబరు మీద రంగు బాగానే ఉంది, కానీ ముక్కు నడినెత్తి మీద గుండ్రంగా నొక్కుకుపోయింది. అక్కణ్ణుంచి సన్నటి గీతలు నాలుగువైపులా పాకి, బోల్టుల రంధ్రాల దాకా వెళ్ళాయి. రెండు రంధ్రాలు తెగి ఒకటైపోయాయి. వేలు పెడితే లోపల పొరలు పొరలుగా ఊడి వస్తోంది. ఆ గీతలన్నీ పచ్చగా ఉన్నాయి.

పసుపు.

ఉమామహేష్ వేలు వెనక్కి తీసుకోలేదు. తీసుకోవడం మరిచిపోయాడు. వేలికి అంటిన పసుపుని చూస్తూ ఉండిపోయాడు.

ప్రతి ఏడూ పార్కు పుట్టినరోజున, గేట్లు తెరవకముందే అభిమానులంతా వచ్చి నావకి పూజ చేస్తారు. ముక్కుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండేసి, దాని నెత్తిన కొబ్బరికాయలు కొడతారు. ఒకటా రెండా, మనిషికొకటి. ఆ ఆచారం మొదలెట్టింది ఎవరు? ఉమామహేష్. 'మేం గంగపుత్రులం, నావని ఎలా గౌరవించాలో మాకు తెలుసు' అని కెమెరా ముందు రొమ్ము విరుచుకుని మొదటి కాయ కొట్టింది ఎవరు? అదీ అతనే. ఛానల్లో అన్నిటికన్నా ఎక్కువమంది చూసిన వీడియో అదే.

పోనీ తెలియక చేశాడనుకుందామా? అక్కడే ఉంది అసలు సిగ్గు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న చెక్క తెప్ప అమ్మేసి కొత్త ఫైబరు బోటు కొన్నప్పుడు, దాన్ని నీళ్ళలోకి దింపే రోజున కొబ్బరికాయ పట్టుకుని ముక్కు మీదికి ఎగబాకబోయింది ఈ ఉమామహేషే. నాన్న రెక్క పుచ్చుకుని లాగేశాడు. "దీన్నెత్తి మీద కొట్టకూడదురా నాన్నా. ఇది సెక్క కాదు. పైకేటీ కనపడదు గానీ లోన పగిలిపోద్ది. ఒకనాడు సంద్రంలో మనల్ని ముంచీసి పోద్ది." అని లంగరు ఒడ్డున పెట్టి, ఆ ఇనుము మీద కాయ కొట్టించి, నీళ్ళు మాత్రం చేత్తో ముక్కు మీద చల్లాడు. పేటలో ఫైబరు బోటు ఉన్న ప్రతివాడూ ఇవాళ్టికీ అలాగే చేస్తాడు. ఉమామహేష్‌కి అది నడక వచ్చినంత బాగా వచ్చు.

మొదటి ఏడాది అతను నావ పక్కనున్న ఇనప స్తంభం దగ్గరికే వెళ్ళాడు కూడా. గణేషే ఫోనులోంచి చూసి, "అక్కడ బాగోలేదన్నా, ముక్కు మీద కొట్టు, అదిరిపోద్ది," అన్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం నాన్న మాట గుర్తొచ్చింది. ఇది సముద్రంలోకి పోయేదా ఏమిటి, ఆడుకునే నావే కదా అనుకున్నాడు. కొట్టాడు. అదిరిపోయింది.

"ఇది... ఇది ఊడి పడి ఉంటే?" అన్నాడు.

"పడలేదు. తనిఖీలో కనిపించింది, ఆ రోజే ఆపించేశాను," అంది కామేశ్వరి. "అంతకు ముందురోజు ఆదివారం. క్యూ నిండా జనం."

ఉమామహేష్ ఆ స్టూలు మీదే కూలబడ్డాడు. మొన్నటి ఆదివారాల్లో ఏదో ఒకదానికి తన కూతురు ధనశ్రీ కూడా ఆ క్యూలో నిలబడి చేతులూపిన సంగతి గుర్తొచ్చింది. ఆ పిల్ల పక్కనే ఎవరి పిల్లలున్నారో.

"మేడమ్, మరి సెప్పలేదేటండీ? ఒక్క మాట సెప్పుంటే..." ఛానలు గొంతు ఎటుపోయిందో పోయింది. "నాను మిమ్మల్ని అన్నన్ని మాటలు అన్నాను. మా కొబ్బరికాయలే పగలగొట్టీసినాయని మీరు ఒక్క మాటంటే, నా వీడియో నాకే సూపిత్తే సరిపోయుండును కదా!"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "చూపించొచ్చు. చూపిస్తే యజమానులు మొదట అడిగేది ఒకటే. రెయిలింగు దాటి బయటివాళ్ళని నావ దాకా పంపించింది ఎవరు అని. పంపించిన ఆపరేటరుని ఆ రోజే ఇంటికి పంపాలి. ఆ రూలు మీద సంతకం నాదే. వీర్రాజు గారు పెద్దాయన కాలం నుంచి ఆ నావ నడిపే లివరు పట్టుకున్న మనిషి. మీకు బావగారనుకుంటాను."

అవును. వీర్రాజు ఉమామహేష్ భార్య దేవికి సొంత అన్న. తగరపువలస నుంచి రోజూ డ్యూటీకి వస్తాడు. "మన వీర్రాజు బావ ఉండగా మనకి అడ్డేటి?" అని గ్రూపులో గొప్పలు పోయేవాడు ఉమామహేష్. మొదటిసారి వీర్రాజు, "వద్దు బావా, రూలు ఒప్పదు," అంటే, "దేముడి పనికి రూలేటి బావా!" అని నవ్వుతూ నావకి అడ్డంగా కట్టిన గొలుసు తీయించింది అతనే.

"నేను చేసింది కూడా ఒప్పేం కాదండీ," అంది కామేశ్వరి. "యజమానుల దగ్గర దాచాను. అందుకని వాళ్ళకీ నేను ఆ రెండు మాటల బోర్డే చూపించాను. ఇవాళ వాళ్ళు ఏమన్నా పడాల్సిందే. మీతో బతిమాలించుకోవడానికో, బతిమాలడానికో పిలవలేదు. కొత్త నావకి ఆర్డరు పెట్టాను. అచ్చం పెద్దాయన గీసిన బొమ్మే, చేప తలతో సహా. నేనుంటానో ఉండనో గానీ నావ మాత్రం వస్తుంది. వచ్చిన రోజున మీరు మళ్ళీ కొబ్బరికాయలు పట్టుకొస్తారు కదా. దాని మీద కొట్టకండి. అది చెబుదామనే."

ఉమామహేష్‌కి తల తీసేసినట్టయింది. ఏ నావ కోసం ఈవిణ్ణి ఇంటికి పంపాలని గేటు ముందు కూర్చున్నాడో, ఆ నావని తెచ్చేది ఈవిడే! తిడితే బాగుండేది. చెంప మీద ఒకటిచ్చినా ఓర్చుకునేవాడు. ఆవిడ మజ్జిగ గ్లాసు మళ్ళీ అతని చేతిలో పెట్టింది.

"మా అమ్మ మీ వీడియోలన్నీ చూస్తుంది," అంది చిన్నగా నవ్వి. "తిట్టేది నన్నేనని తెలిసినా చూస్తుంది. 'ఏదేమైనా ఆ అబ్బాయి గొంతు బాగుంటుందే' అంటుంది."

లేచి, మజ్జిగ గ్లాసు స్టూలు మీద పెట్టేశాడు. చేతులెత్తి దండం పెట్టాడు, అది కూడా సరిగ్గా పెట్టలేకపోయాడు. బయటపడ్డాడు.

ఖాళీగా ఉన్న నావ స్తంభాల దగ్గర వీర్రాజు నిలబడి ఉన్నాడు. పార్కు నీలం యూనిఫాం, మెడలో ఐడీ కార్డు. నడిపేందుకు నావ లేదు, అయినా డ్యూటీ టైముకి అక్కడే నిలబడతాడు. బావమరిది మొహం చూడగానే అతనికి అర్థమైపోయింది.

"సూపించేసిందేటి మేడమ్?"

"నీకు తెల్సా బావా?"

"ఆపీసిన రోజే తెల్సు. నన్ను పిలిచి, నీ పేరెక్కడా రానివ్వను, ఇంకెప్పుడూ గొలుసు తియ్యకు అన్నారు. అంతే. ఇంకేటీ అన్లేదు." వీర్రాజు నేలచూపులు చూస్తూ చెప్పాడు. "నువ్వేమో ఆవిణ్ణి తిట్టిన వీడియోలన్నీ నాకు పంపీసి, లైకు కొట్టు బావా అనీవోడివి."

"కొట్టీసినావా?"

"కొట్టినాను," అన్నాడు వీర్రాజు. "కొట్టకపోతే నువ్వు ఎందుకని అడుగుతావని... అన్నిటికీ కొట్టినాను బావా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. గేటు వైపు నుంచి నినాదాలు వినిపిస్తున్నాయి. కామేశ్వరి డౌన్ డౌన్. ఆ నినాదానికి బాణీ కట్టింది కూడా మనవాడే.

"బావా, నాను సెప్పీత్తాను," అన్నాడు ఉమామహేష్. "నీ పేరు రానివ్వను. కాయ కొట్టింది నాను, కొట్టించింది నాను. అంతవరకే సెప్తాను. దేవి మీదొట్టు."

వీర్రాజు మెడలోని ఐడీ కార్డు ఒకసారి చూసుకున్నాడు. "నాకీ పని తప్ప ఇంకోటి రాదు బావా," అన్నాడు. మళ్ళీ తనే, "అయినా ఆవిణ్ణి అలగ ఒగ్గీలేం కదా," అన్నాడు.

ఉమామహేష్ గేటు దాటి బయటికి రాగానే ఈలలు మోగాయి. గణేష్ ఫోను ఎత్తి పట్టుకుని లైవు మొదలుపెట్టేశాడు. ఎవరో మైకు చేతికివ్వబోయారు. "రాజీనామా ఇచ్చీసిందా అన్నా?" అని వెనకనుంచి కేక.

మనవాడు మైకు పట్టుకోలేదు. ముందు గేటు దగ్గరికి నడిచి, ఆ ఫొటో మెడలోంచి చెప్పుల దండ తీశాడు. ముడి బిగుసుకుపోయి ఒక పట్టాన ఊడలేదు. పళ్ళతో లాగాడు. జనం నవ్వారు, ఏదో నాటకం అనుకున్నారు. అతను దండ కింద పెట్టి వెనక్కి తిరిగేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నవ్వులు ఆగిపోయాయి.

"నావని మేడమ్ సంపలేదు," అన్నాడు మైకు అందుకుని. "నాను సంపినాను. మనం కొట్టిన కొబ్బరికాయలకి దాని ముక్కు లోన పగిలిపోయింది. సేప తల ఊడి క్యూ మీద పడిపోయుండును. మన గుంటల మీద, మన బిడ్డల మీద పడిపోయుండును. మేడమ్ సూసి ఆపీసినారు గాబట్టి పడలేదు. ఫైబరు మీద కాయ కొట్టకూడదని మా నాయన నాకు సెప్పినాడు. తెలిసే కొట్టినాను. వీడియో బాగా వత్తాదని కొట్టినాను. ఆవిడ కొత్త నావ తెత్తన్నారు. ఆవిణ్ణి నాను అన్న మాటలన్నిటికీ..." అక్కడ మాట పూర్తి కాలేదు. మైకు కిందికి దించేశాడు.

గణేష్ ఫోను కాస్త కిందికి దించాడు గానీ లైవు ఆగలేదు. కాయ ముక్కు మీద కొట్టమన్నది తనేనని అతనికీ గుర్తొచ్చినట్టుంది, మొహం పాలిపోయింది. ఒకరిద్దరు చేతుల్లో ఉన్న నినాదాల అట్టలు మెల్లగా కిందికి దించారు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాడు ఉమామహేష్.

అప్పుడు ముందువరసలోంచి ఆశాజ్యోతి లేచింది. గ్రూపులో మొదట్నుంచీ ఉన్న మనిషి. మల్కాపురం నుంచి ప్రతి పుట్టినరోజుకీ చంటిపిల్లని చంకనేసుకుని వచ్చే మనిషి. ఆ పిల్ల ఇప్పుడూ చంకలోనే ఉంది.

"ఉండన్నా," అంది. గొంతులో కోపం లేదు, భయం ఉంది. "మాకంటే తెలీదు. నీకు తెల్సినా కొట్టీసినావు, సరే. మరి నావ కాడ గొలుసుంటాది. ఎవులూ లోనకి రాకుండా సూడ్డానికే ఒక మనిసిని పెట్టినారు. నా బిడ్డ నెత్తిమీద ఆ తల ఊగతంటే, మనందర్నీ గొలుసు తీసి లోనకి ఒగ్గీసిన ఆ మనిసెవులు?"

"అదీ... అది నానే..." అని నీళ్ళు నమిలాడు ఉమామహేష్.

"నువ్వు కాదన్నా. ఆ మనిసి పేరు సెప్పు."

జనం మళ్ళీ దగ్గరికి జరిగారు. గణేష్ ఫోను ఇంకా దగ్గరికి వచ్చింది. లోపల ఆఫీసు మెట్ల మీద నుంచి కామేశ్వరి వద్దు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. ఆమె ఎవరికి వద్దంటోందో ముందు ఉమామహేష్‌కి అర్థం కాలేదు. ఆవిడ చూపు వెంటే తనూ తల తిప్పాడు.

గేటు ఊచల అవతల వీర్రాజు నిలబడి ఉన్నాడు. మెడలోని ఐడీ కార్డు తీసి చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గేటు గొళ్ళెం తీస్తున్నాడు.